బాస్ లేకపోతే బ్యాండ్ కాదా?

పోయిన సంచికలో ‘ది బ్లాక్ కీస్’ అనే ఇద్దరి బ్యాండ్ గురించి, 2002 మే నెలలో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ ‘ది బిగ్ కమ్ అప్’ గురించి రాశాను. గిటార్ వాయిస్తూ పాడేది డాన్ ఆవర్‌బాక్, డ్రమ్స్ పాట్రిక్ కార్నీ. ఊరు అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్. ఈ పాటలు మనవాళ్లకి ఎక్కుతాయో లేదో అనుకుంటూనే రాశాను. మీ ఉత్తరాలు చూశాక ఆ సందేహం పోయింది. అందుకే సినిమా పాటల ప్రశ్నలు వచ్చే సంచికకి వాయిదా వేసి, ఈసారి శీర్షిక మొత్తం ఈ ఇద్దరికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మేం హనుమకొండలో డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాం. నేను గిటార్ వాయిస్తాను. చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకున్నాను కాబట్టి అన్నీ రాసుకుని, లెక్క చూసుకునే మొదలుపెడతాను. నా ఫ్రెండ్ డ్రమ్స్. వాళ్ల నాన్న డప్పు కళాకారుడు. వాడు ఏదీ రాసుకోడు, ఒకసారి వాయించింది రెండోసారి అలాగే వాయించడు, రిహార్సల్‌కి ఎప్పుడూ లేటే. ఇద్దరం కలిసి తెలుగులో ఎనిమిది పాటలు చేశాం. బాస్ గిటార్ వాయించే మనిషి మాత్రం దొరకడం లేదు. ఇద్దరితో బ్యాండ్ ఏంట్రా అని కాలేజీలో నవ్వుతున్నారు. ఆగమంటారా, రికార్డ్ చేసేయమంటారా?

జవాబు: ఆగొద్దు తమ్ముడూ. పాటలు చేతిలో పెట్టుకుని ఇంకో మనిషి కోసం దారులు కాయడం దేనికి?

బ్లాక్ కీస్ కూడా ఇద్దరమే ఉందామని ముందే అనుకుని మొదలుపెట్టలేదు. డాన్ అప్పట్లో వేరేవాళ్లతో వాయిస్తుండేవాడు. క్లబ్బుల్లో ప్రోగ్రాములు అడగాలంటే చేతిలో డెమో, అంటే నమూనా రికార్డింగ్, ఉండాలి. పాట్రిక్ ఇంటి బేస్‌మెంట్‌లో రికార్డింగ్ సామాను ఉంది కాబట్టి అక్కడ చేద్దామనుకున్నారు. తీరా డాన్‌తో వాయించేవాళ్లు రాలేదు. రికార్డ్ చేసిపెడతానన్న పాట్రిక్ తనే డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. అలా పుట్టిన డెమోని చిన్న చిన్న లేబుళ్లకి, అంటే రికార్డ్ కంపెనీలకి, పంపించారు. లాస్ ఏంజెలిస్‌లోని అలైవ్ అనే చిన్న లేబుల్, వీళ్లు స్టేజీ మీద వాయిస్తే ఒక్కసారి కూడా చూడకుండానే సరే అంది.

మీ ఇద్దరికీ ఉన్నంత తేడా వాళ్లకీ ఉంది. ఒకే పేటలో పెరిగారు, ఒకే హైస్కూల్లో చదివారు. డాన్ స్కూలు ఫుట్‌బాల్ (సాకర్) టీమ్ కెప్టెన్. పాట్రిక్ ఎవరితోనూ పెద్దగా కలవని కుర్రాడు. డాన్ చెవి ఎప్పుడూ మిసిసిపీ కొండ ప్రాంతపు బ్లూస్ మీదే, అంటే అక్కడి నల్లజాతివాళ్ల పాత పాటల మీదే, ముఖ్యంగా జూనియర్ కింబ్రో అనే పెద్దాయన మీద. పాట్రిక్‌ది ఇండీ రాక్ చెవి, అంటే పెద్ద కంపెనీల అండ లేని రాక్ బ్యాండ్ల సంగీతం. ఆక్రన్‌లోనే పుట్టిన డీవో బ్యాండ్ అంటే ఇష్టం, రికార్డింగ్ యంత్రాలంటే పిచ్చి. డ్రమ్స్ గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నవాడు కాదు. నేను ఆ ఆల్బమ్‌ని ఇన్నేళ్లుగా ఇష్టపడటానికి కారణం ఇదే. బ్లూస్‌లో ఆరితేరిన డ్రమ్మర్ దొరికి ఉంటే డాన్ పాటలు చక్కగా, పద్ధతిగా, పాత రికార్డుల నకలులా వచ్చేవి. పాట్రిక్‌కి ఆ పద్ధతి తెలియదు. తెలిసిన దెబ్బ తెలిసినంత గట్టిగా కొట్టాడు. దాంతో అది ఎవరి నకలూ కాకుండా పోయింది.

ఇక బాస్ సంగతి. నేను మిక్సింగ్ బల్ల ముందు కూర్చునే మనిషిని, నాకు ఇది బాగా తెలిసిన లెక్క. నీ గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 82 సార్లు కంపిస్తూ, మోగుతుంది. బాస్ గిటార్ లావు తీగ అందులో సగం, 41 దగ్గర. కాలితో కొట్టే కిక్ డ్రమ్ బరువంతా ఇంచుమించు ఈ రెంటి మధ్యే ఉంటుంది. అంటే బాస్ లేనప్పుడు ఆ జాగా ఖాళీగా లేదు, మీ ఫ్రెండ్ కాలి కింద ఉంది. మూడో మనిషి వచ్చాడంటే ఆ జాగా కోసం కిక్ డ్రమ్, బాస్ తోసుకుంటాయి. చిన్న స్టూడియోల్లో నేను ఎక్కువసేపు తంటాలు పడేది ఆ తోపులాట సర్దడానికే.

నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. కార్డ్స్ మీద కార్డ్స్ వాయించుకుంటూ పోతే ఇద్దరి బ్యాండ్ పల్చగా వినిపిస్తుంది. కింబ్రో తరహా వాయిద్యంలో బొటనవేలు లావు తీగల మీద ఒకే స్వరాన్ని పట్టుకుని కదలదు, మిగతా వేళ్లు పై తీగల మీద పాట చెబుతాయి. ఒకే చేతిలో బాస్, పాట రెండూ నడుస్తాయి. తంబూర శ్రుతి వింటూ వయొలిన్ నేర్చుకున్నవాడివి, ఒక స్వరం కదలకుండా నిలబడి ఉంటే దాని మీద ఎంత ఆట ఆడొచ్చో నీకు నేను చెప్పక్కర్లేదు. తీగల్ని ఒక స్వరం కిందికి దించి చూడు. వీలైతే గిటార్ సౌండుని రెండు వైర్లలోకి మళ్లించి ఒకటి గిటార్ ఆంప్లిఫైయర్‌కి, ఇంకోటి స్వరాన్ని ఒక స్థాయి కిందికి దించే ఆక్టేవ్ పెడల్ మీదుగా బాస్ ఆంప్లిఫైయర్‌కి ఇవ్వు. ఇద్దరి బ్యాండ్లు చాలావరకు చేసే పనే ఇది.

మీ ఫ్రెండ్ విషయానికొస్తే, వాడి చేత ఇంగ్లిష్ రాక్ బీట్లు వాయింపించకు. వాళ్ల నాన్న కుడిచేతి సిర్రతో కొట్టే దెబ్బ కిక్ మీదికి, ఎడమచేతి చిటికెన పుల్లతో పలికించేది స్నేర్ అనే చిన్న డ్రమ్ అంచు మీదికి తెచ్చుకోమను. ఊరేగింపులో డప్పులు మోగుతుంటే బాస్ గిటార్ లేదే అని ఎవరైనా అడిగారా? ఎనిమిదింట్లో ఏ పాటైనా బాస్ లేకుండా నిలబడటం లేదంటే దాన్ని పక్కన పెట్టండి, ఏడుతోనే ఆల్బమ్ వేయండి. ఒకసారి వాయించింది రెండోసారి వాయించడంటావా, మంచిదే. ఇద్దరూ ఒకే గదిలో, ఒకరి మొహం ఒకరికి కనబడేలా కూర్చుని, ఒక్కో పాట మూడు నాలుగుసార్లు పూర్తిగా వాయించి బాగున్నది ఉంచుకోండి. ముక్కలు ముక్కలుగా రికార్డ్ చేసి అతికిస్తే వాడిలో ఉన్న అసలు సరుకే పోతుంది.

లేటుగా రావడం మాత్రం కళలో భాగం కాదు. ఆ మాట నా మాటగా వాడికి చెప్పు.

ప్రశ్న: మేడమ్ గారూ, మేం కొలంబస్‌లో ఉంటాం. ఆక్రన్ మాకు రెండు గంటల డ్రైవ్, ఆఫీసు పని మీద వెళ్తుంటాను. మీరు రాశారని ఆల్బమ్ విన్నాను. గొంతు పగిలిన స్పీకర్లోంచి వస్తున్నట్టుంది, డ్రమ్స్ పక్కింట్లో మోగుతున్నట్టున్నాయి. ఇది కావాలని చేసిందా, డబ్బుల్లేకా? ఆ ఊరికీ ఈ చప్పుడుకీ సంబంధం ఉందంటారా?

జవాబు: రెండూనండి. డబ్బుల్లేవు, ఉన్నదాంతో వచ్చిన సౌండు వాళ్లకి నచ్చింది. ‘మీడియం ఫిడెలిటీ’ అని దానికి వాళ్లే పేరు పెట్టుకున్నారు.

‘డూ ద రంప్’ అనే పాట మళ్లీ ఒకసారి వినండి, ఈసారి కార్లో. అది కింబ్రో పాటే. గిటార్ ఒకే వరసని చుట్టి చుట్టి వస్తుంటుంది. డాన్ గొంతు దాని పైన తేలదు, దానిలోనే కూరుకుపోయి ఉంటుంది. మైకుకి పట్టేదానికంటే ఎక్కువ సౌండు పంపిస్తే గొంతు అంచులు చిరుగుతాయి. మామూలుగా మేం దాన్ని తప్పుగా లెక్కేసి తగ్గిస్తాం. ఇక్కడ గొంతుకీ గిటార్‌కీ ఒకే గరుకు ఉండటంతో రెండూ ఒకే మనిషి ఒంట్లోంచి వస్తున్నట్టుంటాయి. శుభ్రంగా రికార్డ్ చేసి ఉంటే ఇరవై రెండేళ్ల తెల్ల కుర్రాడు ముసలి బ్లూస్ గాయకుడి పాట పాడుతున్నాడన్న సంగతి కొట్టొచ్చినట్టు తెలిసిపోయేది. ఆ గరుకు అతన్ని కాపాడింది. పక్కింట్లో డ్రమ్స్ అన్నారు చూశారా, మైకులు తక్కువై, గది సౌండు ఎక్కువైతే అలాగే వస్తుంది. బేస్‌మెంట్‌కి కప్పు ఎత్తు తక్కువ, నాలుగు వైపులా గోడలు. సింబల్, అంటే డ్రమ్స్ పక్కనుండే ఇత్తడి పళ్లెం, కొట్టగానే సౌండు గోడలకి తగిలి తిరిగొచ్చి మిగతా మైకుల్లో పడుతుంది.

ఊరికీ సంబంధం ఉందనే నా నమ్మకం. గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్, గుడ్‌రిచ్, జనరల్ టైర్, ఇవన్నీ ఆక్రన్ కంపెనీలే. ప్రపంచ రబ్బరు రాజధాని అనేవారు. డాన్, పాట్రిక్ ఊహ తెలిసేసరికి ఆ ఫ్యాక్టరీలు ఒకటొకటిగా మూతపడ్డాయి. అలాంటి ఊళ్లో పెద్ద మ్యూజిక్ కంపెనీలు ఉండవు, ఫలానాలా వాయించమనే వాళ్లూ ఉండరు. ఉన్న సామాను, ఉన్న గది. వాళ్ల మూడో ఆల్బమ్ ‘రబ్బర్ ఫ్యాక్టరీ’ 2004లో వచ్చింది, పేరుకి తగ్గట్టే మూతపడిన జనరల్ టైర్ ఫ్యాక్టరీ భవనంలో రికార్డ్ చేశారు. రెండో ఆల్బమ్ ‘థిక్‌ఫ్రీక్‌నెస్’ అయితే అదే బేస్‌మెంట్‌లో, టాస్కమ్ 388 అనే ఎనిమిది ట్రాకుల టేప్ యంత్రం మీద, 14 గంటల్లో దాదాపు మొత్తం అయిపోయింది. కంప్యూటర్లో వందల ట్రాకులు తెరిచే ఈ రోజుల్లో ఎనిమిదంటే నమ్మకం కుదరదు. డ్రమ్స్‌కి రెండో మూడో, గిటార్‌కి ఒకటో రెండో, గొంతుకి ఒకటి. ఇద్దరికి అంతకంటే ఎందుకు?

ప్రశ్న: బ్లాక్ కీస్ వాళ్లు సొంత పాటలు చేయలేక పాత పాటలు వేసుకున్నారని మా ఫ్రెండ్ అంటున్నాడు, నిజమేనా? మేం మొదటి ఆల్బమ్‌లో పాత సినిమా పాటొకటి మా పద్ధతిలో పెట్టుకోవచ్చా? (గుంటూరు నుంచి ఒక బ్యాండ్)

జవాబు: ఆ ఆల్బమ్‌లో ఉన్న 13 పాటల్లో సొంతవే ఎక్కువ. కింబ్రో పాట, 1966 నాటి బీటిల్స్ పాట ‘షీ సెడ్ షీ సెడ్’ లాంటివి కొన్ని ఉన్నాయి. బీటిల్స్ పాటని మిసిసిపీ పాట పక్కన పెట్టి రెండూ ఒకే ఇంటివిలా వినిపించారు. బ్యాండ్‌కి తనదైన సౌండు ఉందో లేదో తేలేది అక్కడే, తెలిసిన పాట దొరికినప్పుడే.

మీ సంగతి వేరు. మన కాపీరైట్ చట్టంలో కవర్ పాటలకి, అంటే వేరేవాళ్ల పాటని మళ్లీ రికార్డ్ చేయడానికి, 31సి అనే సెక్షన్ ఉంది. పాట మొదట రికార్డయిన ఏడాది ముగిశాక ఐదేళ్లు దాటాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీలకి రాయల్టీ కట్టాలి. అది చిన్న బ్యాండ్లకి అందే బేరం కాదు. నేరుగా హక్కులున్న కంపెనీని అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అప్పటిదాకా ఆ పాటని స్టేజీ మీదికే ఉంచుకోండి, అదీ నిర్వాహకులు లైసెన్సు తీసుకున్న చోట. యూట్యూబ్‌లో అందరూ పెడుతున్నారు కదా అన్న ధైర్యంతో ఆల్బమ్‌లో పెట్టకండి. మీ డబ్బు మొత్తం దానికే పోతుంది.

ప్రశ్న: అమ్మా, మాది రాజమహేంద్రవరం. మా అబ్బాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. మీ వ్యాసం చదివి, వాళ్లిద్దరూ కాలేజీ మానేసే కదా పైకొచ్చారు అంటున్నాడు. వాళ్ల నాన్నగారు గిటార్ తీసి అటక మీద పెట్టేశారు. ఇంట్లో మాటల్లేవు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మీరే రాశారు కాబట్టి మీరే చెప్పాలి.

జవాబు: అమ్మగారూ, ముందు గిటార్ కిందికి దింపించండి. అది అటక మీద ఉన్నంతకాలం వాడు చదవడు, వాయించడు. అటక ఎండ వేడికి ఆ చెక్క కూడా వంగిపోతుంది.

ఇక వాడికి నా మాటగా ఇది చదివి వినిపించండి. వాళ్లిద్దరూ కాలేజీ వదిలేసిన మాట నిజమే నాన్నా. తర్వాత జరిగింది కూడా విను. మొదటి ఆల్బమ్ వచ్చాక కూడా ఇళ్ల ముందు గడ్డి కోసే కూలి పని చేశారు. పాత వ్యాన్‌లో సామాను తామే వేసుకుని, తామే నడుపుకుంటూ ఊరూరా తిరిగారు. గ్రామీ అవార్డులు 2011లో వచ్చాయి, ఆరో ఆల్బమ్ ‘బ్రదర్స్’కి. అంటే మొదటి ఆల్బమ్ తర్వాత తొమ్మిదేళ్లకి. మానేసినందుకు పైకి రాలేదు, ఆ తొమ్మిదేళ్లూ మానకుండా వాయించినందుకు వచ్చారు. కాలేజీ మానేసి మరి కనబడకుండా పోయిన బ్యాండ్ల గురించి ఎవరూ వ్యాసాలు రాయరు, నేనూ రాయలేదు.

వాళ్ల ఇళ్ల సంగతి కూడా గమనించాలి. పాట్రిక్ తండ్రి ఊరి పత్రికలో విలేకరి. డాన్ తండ్రి పాత వస్తువుల వ్యాపారి. పాట్రిక్ బాబాయి రాల్ఫ్ కార్నీ పేరున్న సాక్సోఫోన్ కళాకారుడు, డాన్ బంధువు రాబర్ట్ క్వైన్ పేరున్న గిటారిస్టు. సంగీతంతో బతికినవాళ్లని చూస్తూ పెరిగారు. మీ అబ్బాయి అలాంటి మనిషిని ఒక్కరినైనా దగ్గర్నుంచి చూశాడా? ఈ వేసవి సెలవుల్లో ఏదైనా స్టూడియోలోనో లైవ్ సౌండ్ కంపెనీలోనో హెల్పర్‌గా చేరమనండి. వైర్లు చుట్టడం, స్పీకర్లు మోయడం, రాత్రి రెండింటికి వ్యాన్ ఎక్కడం. అది చూశాక కూడా కావాలనే అంటే వాడి మాటకి బరువుంటుంది, మీవారు కూడా వింటారు. మూడో సంవత్సరం వరకు వచ్చినవాడు చదువు పూర్తి చేయడమే మంచిదని నా అభిప్రాయం. ఈ రంగంలో మొదటి కొన్నేళ్లు అద్దె కట్టేది ఇంకో ఉద్యోగమే, ఆ ఉద్యోగానికి డిగ్రీ పనికొస్తుంది.

మీరు మాత్రం ఒక పని చేయండి. వాడు సొంతంగా కట్టిన పాట ఒకటి మొదలు నుంచి చివరిదాకా వాయించమని అడిగి, కూర్చుని వినండి. అలా వినమని వాడు ఇంతవరకు మిమ్మల్ని అడిగి ఉండడు. అడగడానికి భయం.

ప్రశ్న: ఇద్దరం ఎనిమిదేళ్లుగా కలిసి వాయిస్తున్నాం, ఆల్బమ్ సగమైంది. ఈలోగా అతను నాకు చెప్పకుండా సొంతంగా పాటలు రికార్డ్ చేస్తున్నాడని వేరేవాళ్ల ద్వారా తెలిసింది. అడగాలంటే మనసు రావడం లేదు. (విశాఖపట్నం)

జవాబు: మీ బాధ నాకు అర్థమైంది. ఇది బ్లాక్ కీస్ ఇంట్లోనూ జరిగింది. 2009లో డాన్ ‘కీప్ ఇట్ హిడ్’ అని సోలో ఆల్బమ్ తెచ్చాడు. పాట్రిక్‌కి ముందుగా చెప్పలేదు. పాట్రిక్ మనసు బాగా నొచ్చుకుంది. అతను వేరే మిత్రులతో ‘డ్రమ్మర్’ అని ఇంకో బ్యాండ్ పెట్టుకున్నాడు. కొంతకాలం ఇద్దరి మధ్యా మాటల్లేవు. తర్వాత మాట్లాడుకున్నారు, అలబామాలోని మజిల్ షోల్స్‌కి వెళ్లి ఎక్కువ భాగం అక్కడే ‘బ్రదర్స్’ రికార్డ్ చేశారు. ఆ పేరు ఎందుకు పెట్టుకున్నారో మీకు వేరే చెప్పాలా?

ఇద్దరి బ్యాండ్‌లో అసలు కష్టం ఇదే. నలుగురుంటే ఇద్దరు పోట్లాడుకున్నా మూడోవాళ్లు మధ్యలో ఉంటారు. ఇద్దరే ఉంటే మధ్యలో ఎవరూ ఉండరు. కాబట్టి మీరే అడగాలి. ఫోన్లో వద్దు, మెసేజ్ అసలే వద్దు, సామాను మధ్యలో రిహార్సల్ గదిలోనూ వద్దు. బయట టీ తాగుతూ అడగండి. “సోలో చేస్తున్నావంట, వినిపిస్తావా?” అంతే. ఎందుకు చెప్పలేదని మొదలుపెట్టకండి, ముందు వినండి. ఆ పాటలు మీ ఇద్దరి బ్యాండ్‌లో ఇమిడేవి కావేమో. అతనికి ఊపిరి తీసుకునే జాగా కావాలేమో.

మనసులు కుదుటపడ్డాక, పడకపోయినా సరే, ఒక కాగితం రాసుకోండి. బ్యాండ్ పేరు ఎవరిది, ఏ పాటకి మాట ఎవరిది, బాణీ ఎవరిది, రికార్డింగ్ ఖర్చు ఎవరెంత పెట్టారు, డబ్బొస్తే ఎవరికెంత. పాట మీద హక్కు వేరు, రికార్డింగ్ మీద హక్కు వేరు, రెండూ విడివిడిగా రాయండి. స్నేహితుల మధ్య కాగితాలేంటి అంటారు మనవాళ్లు. కాగితం లేకపోవడం వల్ల ఎంతో బాగా వాయించే జోడీలు విడిపోవడం కళ్లారా చూశాను, వాళ్ల పాటలు ఇప్పుడు ఎవరూ విడుదల చేయలేక హార్డ్‌డిస్కుల్లో పడి ఉన్నాయి. మీ ఆల్బమ్‌కి ఆ గతి పట్టకూడదు.

ప్రశ్న: ఆ బ్యాండ్‌కి ఆ పేరెందుకు? ఇలాంటి జంటలు ఇంకెవరున్నారు? (నెల్లూరు, ఇంటర్ విద్యార్థిని)

జవాబు: ఆక్రన్‌లో ఆల్ఫ్రెడ్ మెక్‌మూర్ అనే చిత్రకారుడు ఉండేవాడమ్మా. స్కిజోఫ్రేనియా అనే మానసిక వ్యాధితో బాధపడేవాడు. డాన్, పాట్రిక్‌ల తండ్రులిద్దరికీ అతను తెలుసు. కోపమొస్తే ఫోన్లో సందేశాలు వదిలేవాడు, తనకి తేడాగా అనిపించిన మనిషిని ‘బ్లాక్ కీ’ (పియానో మీది నల్ల మెట్టు) అని తిట్టేవాడు. ఆ తిట్టునే వీళ్లు ఇష్టంగా పెట్టుకున్నారు.

జంటలంటే, వీళ్లకంటే ముందు డెట్రాయిట్ నుంచి ‘ది వైట్ స్ట్రైప్స్’ ఉండేవాళ్లు, 2011లో విడిపోయారు. జాక్ వైట్ గిటార్, మెగ్ వైట్ డ్రమ్స్, మొదటి ఆల్బమ్ 1999లో. మెగ్ డ్రమ్స్ చాలా తక్కువ దెబ్బలతో ఉంటాయి. చేతకాక అని వెక్కిరించేవాళ్ల మాట నమ్మకు. జాక్ గిటార్ అంత కల్లోలంగా ఉండగలిగింది ఆమె అంత నిలకడగా ఉండబట్టే. ఇంగ్లండ్ నుంచి ‘రాయల్ బ్లడ్’, మొదటి ఆల్బమ్ 2014లో. వాళ్లు తీసేసింది గిటార్‌ని. బాస్, డ్రమ్స్ మాత్రమే. బాస్‌నే పెడల్స్‌తో గిటార్‌లా పలికిస్తారు. మన దగ్గర కోల్‌కతా నుంచి ‘పరేఖ్ అండ్ సింగ్’ ఉన్నారు, మెత్తని పాటలు, నీకు బహుశా వీళ్లే ముందు నచ్చుతారు.

బ్లాక్ కీస్ మొదటి ఆల్బమ్‌లో మాత్రం ‘ఐల్ బి యువర్ మ్యాన్’తో మొదలుపెట్టు. ఫోన్ స్పీకర్లో వినకు, అందులో కిక్ డ్రమ్ వినబడదు. ఇంట్లో పాత హోమ్ థియేటర్ ఉంటే దానికి కలిపి, అమ్మానాన్న బయటికెళ్లినప్పుడు సౌండు బాగా పెంచుకుని విను.